గాలం పట్టడం రాకపోయినా క్యాట్‌స్కిల్స్ ట్రౌట్ పండగకు ఎలా వెళ్ళాలి

న్యూజెర్సీలో ఉండే మనవాళ్ళకు వేసవి వీకెండ్ అంటే పోకొనోస్, నయాగరా, లేదంటే ఏదో ఒక గుళ్ళో కళ్యాణం. ఎడిసన్ నుంచి రెండున్నర గంటలు బండి నడిపితే అమెరికాలో ఫ్లై ఫిషింగ్‌కు (ఈకలతో, దారంతో కట్టిన ఉత్తుత్తి పురుగును ఎరగా వేసి చేపలు పట్టడం; ఆ పురుగే ఫ్లై) పుట్టినిల్లు అనదగ్గ ఊళ్ళు రెండు వస్తాయన్న సంగతి చాలామందికి తెలియదు. న్యూయార్క్ రాష్ట్రంలో, క్యాట్‌స్కిల్ కొండల్లో పక్కపక్కనే ఉన్న ఆ ఊళ్ళ పేర్లు లివింగ్‌స్టన్ మ్యానర్, రాస్కో. రాస్కోకు 'ట్రౌట్ టౌన్ యూఎస్ఏ' అని బిరుదు. ట్రౌట్ అంటే చల్లటి ఏర్లలో బతికే ఒక చేప. దుకాణం బోర్డు మీద చేప, హోటల్ గోడ మీద చేప, ఎటు చూసినా చేపే.

ఇక్కడి పండగలకు వెళ్ళాలంటే గాలం పట్టడం వచ్చి ఉండాలని లేదు. నన్నడిగితే అసలు చేప కోసం వెళ్ళనే వద్దు. చేప ఏ ఏట్లోనైనా దొరుకుతుంది. నలభై, యాభై ఏళ్ళుగా ఫ్లైలు కడుతున్న పెద్దవాళ్ళు బల్లల వెనక వరసగా కూర్చుని, అడిగిన ప్రతివాడికీ ఓపిగ్గా చేసి చూపించడం మాత్రం పండగ రోజే దొరుకుతుంది. ఈ గైడంతా ఆ లెక్కలోనే రాస్తున్నాను.

ముందు ఏ పండగో తేల్చుకోండి

మొదటిది ఏప్రిల్ 1. న్యూయార్క్‌లో ట్రౌట్ సీజన్ సంప్రదాయంగా మొదలయ్యే రోజు అది. ఇప్పుడు చలికాలంలో కూడా చాలా ఏర్లలో పట్టి వదిలేసే పద్ధతిలో అనుమతి ఉంది, అయినా ఏప్రిల్ 1 మర్యాద ఏప్రిల్ 1దే. బీవర్‌కిల్, విల్లోవీమాక్ అనే రెండు ఏర్లు రాస్కోలో కలుస్తాయి. ఆ సంగమాన్ని జంక్షన్ పూల్ అంటారు. ఆ రోజు పొద్దున్నే జనం అక్కడ చేరి తొలి గాలం వేస్తారు. ఏ ఏట్లోకి ఎదురీదాలో తేల్చుకోలేక అక్కడే ఉండిపోయి, చివరికి రెండు తలలు మొలిపించుకున్న బీమాక్ అనే ట్రౌట్ కథ కూడా ఈ మడుగుదే. రెండు ఏర్ల పేర్లూ కలిపి దానికి ఆ పేరు పెట్టారు. వినడానికి బాగుంటుంది గానీ, ఏప్రిల్ 1న క్యాట్‌స్కిల్స్‌లో చలి మామూలుగా ఉండదు. మంచు కరిగిన నీళ్ళు ఉరవడిగా వస్తుంటాయి, రాడ్‌కు (గాలం కర్ర) ఉండే చిన్న రింగుల్లో నీటిచుక్కలు గడ్డకట్టి లైన్ (గాలం తాడు) కదలదు. చిన్నపిల్లలతో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో మొదటిసారి వెళ్ళడానికి ఇది రోజు కాదు.

రెండోది జూన్‌లో లివింగ్‌స్టన్ మ్యానర్ మెయిన్ స్ట్రీట్‌లో జరిగే ట్రౌట్ పెరేడ్. చేప వేషాలు, అట్టలతో కట్టిన పెద్ద పెద్ద చేపలు, బ్యాండు మేళం. చదువూ సంధ్యా అక్కర్లేని సరదా. పిల్లలున్న ఇంటికి ఇదే సరైనది. కానీ ఇక్కడ ఫ్లై ఫిషింగ్ నేర్చుకునేదేమీ ఉండదు.

మూడోది, నేర్చుకోవాలనుకునేవాళ్ళు వెళ్ళాల్సింది, క్యాట్‌స్కిల్ ఫ్లై ఫిషింగ్ సెంటర్ అండ్ మ్యూజియంలో జరిగే వేసవి మేళా. 1981లో మొదలైన సంస్థ ఇది. రెండు ఊళ్ళకూ మధ్య, పాత 17వ నంబరు రోడ్డు పక్కన, విల్లోవీమాక్ ఒడ్డునే ఉంటుంది. లోపల మ్యూజియం, బయట పెద్ద గడ్డి మైదానం, అవతల ఏరు. పండగంతా ఆ గడ్డి మీదే. తేదీ ఏటా ఒకేలా ఉండదు కాబట్టి మ్యూజియం క్యాలెండర్ చూసుకున్నాకే సెలవు పెట్టండి. గుంపులంటే గిట్టనివాళ్ళు మామూలు శనివారం వెళ్ళినా నష్టం లేదు. సీజన్‌లో చాలా శనివారాలు ఎవరో ఒక చేయి తిరిగిన పెద్దాయనో పెద్దావిడో వచ్చి కూర్చుని ఫ్లైలు కట్టి చూపిస్తారు.

దారి, బస

సఫర్న్ దాకా 287, అక్కణ్ణుంచి న్యూయార్క్ త్రూవే ఎక్కి 16వ ఎగ్జిట్ హారిమన్ దగ్గర దిగి, రూట్ 17 వెస్ట్ పట్టుకోవాలి. ఆ ఎగ్జిట్ మీకు కొత్తేమీ కాదు, వుడ్‌బరీ కామన్ ఔట్‌లెట్స్ ఉన్నది అక్కడే. వెళ్ళేటప్పుడు మాత్రం అక్కడ ఆగకండి. ఆగితే పండగ అయిపోయాక చేరతారు. ఆ తర్వాత లివింగ్‌స్టన్ మ్యానర్‌కు 96, రాస్కోకు 94 ఎగ్జిట్. మాంటిసెల్లో దాటాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. మ్యాప్ ముందే ఫోన్లోకి దించుకోండి. పొద్దున్నే బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరొచ్చు, కానీ సాయంత్రం ఏటి ఒడ్డున కూర్చోవాలంటే ఒక రాత్రి ఉండాల్సిందే. చిన్న ఊళ్ళు, గదులు తక్కువ. పండగ వారం దగ్గర పడ్డాక వెతికితే దొరకవు.

పెద్దవాళ్ళు మీతో ఉంటే తిరుగు ప్రయాణంలో పొమోనాలోని శ్రీరంగనాథ స్వామి గుడి కలుపుకోండి. త్రూవే నుంచి పెద్ద దూరమేమీ కాదు. చేపల పండగకని తీసుకొచ్చి పొద్దంతా కూర్చోబెట్టారన్న మాట మీ మీద పడకుండా ఉంటుంది.

లైసెన్స్ ఎప్పుడు కావాలి, ఎప్పుడు అక్కర్లేదు

పండగ చూడటానికి, గడ్డి మీద లైన్ విసరడం నేర్చుకోవడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. నీళ్ళలో గాలం వేశారంటే మాత్రం 16 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ న్యూయార్క్ ఫిషింగ్ లైసెన్స్ ఉండాలి. ఇచ్చేది రాష్ట్ర పర్యావరణ శాఖ, అందరూ డీఈసీ అంటారు. ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని. ఒక రోజుకు, వారానికి, ఏడాదికి వేర్వేరుగా ఇస్తారు. ఏడాది లైసెన్స్ కొన్న రోజు నుంచి 365 రోజులు చెల్లుతుంది. న్యూయార్క్ వాసులకు ఒక ధర, బయటి రాష్ట్రాల వాళ్ళకు అంతకంటే ఎక్కువ. మీ న్యూజెర్సీ లైసెన్స్ ఇక్కడ పనికిరాదు. ఇక్కడ కొన్నది అక్కడా చెల్లదు.

ఒక ఉపాయం ఉంది. న్యూయార్క్‌లో ఏడాదికి కొన్ని రోజులు లైసెన్స్ లేకుండానే చేపలు పట్టనిస్తారు. అందులో జూన్ ఆఖరి శని, ఆదివారాలు ఉంటాయి. మొదటిసారి నీళ్ళలోకి దిగి చూడాలనుకునే కుటుంబానికి అంతకంటే మంచి వీకెండ్ లేదు. ఫీజు లేకపోయినా మిగతా నిబంధనలన్నీ ఆ రోజూ వర్తిస్తాయి.

ఏం వేసుకోవాలి, ఏం తీసుకెళ్ళాలి

మొదట పిడుదుల సంగతి చెప్పాలి, ఇక్కడివాళ్ళు టిక్స్ అంటారు. ఈ కొండల్లో జింకలు ఎక్కువ, వాటి వెంట వచ్చే ఆ చిన్న పురుగు కుడితే లైమ్ జబ్బు రావచ్చు. ఎండగా ఉందని షార్ట్స్‌తో రాకండి. లేత రంగు ఫుల్ ప్యాంటు వేసుకుని, కాళ్ళ అంచులు సాక్సుల్లోకి దోపండి. లేత రంగు మీద పురుగు పాకితే కనిపిస్తుంది. నడిచేటప్పుడు ఎత్తు గడ్డిలోకి పోకుండా కోసిన దారిలోనే ఉండండి.

టోపీ, కళ్ళజోడు తప్పనిసరి. ఎండకి కాదు, హుక్కు కళ్ళలో పడకుండా. చుట్టుపక్కల పదిమంది ఒకేసారి లైన్లు విసురుతున్న చోట పిల్లలకైనా సరే, పవర్ లేని ప్లాస్టిక్ అద్దాలైనా సరే పెట్టాలి. పోలరైజ్డ్ అద్దాలైతే నీటి మీద మెరుపు పోయి అడుగున చేప నీడ కనిపిస్తుంది. మడత కుర్చీలు, ఒక పల్చటి రెయిన్ జాకెట్ పెట్టుకోండి. కొండల్లో మధ్యాహ్నం వాన చెప్పి రాదు.

రాడ్ కొనుక్కుని వెళ్ళొద్దు. వాళ్ళే చేతికి ఇచ్చి నేర్పిస్తారు. నాలుగైదు రకాలు చేత్తో పట్టి చూశాకే మీకేది నప్పుతుందో తెలుస్తుంది.

ఫ్లై కట్టే బల్లల దగ్గర ఆగండి

నా లెక్కన పండగంటే ఈ బల్లలే. ట్రౌట్ ఎక్కువగా తినేది ఏట్లో పుట్టి రెక్కలొచ్చి ఎగిరే పురుగుల్ని. ఆ పురుగులాగా కనిపించేటట్టు, చిన్న హుక్కు మీద దారం, ఈకలు చుట్టి తయారు చేసేదాన్నే ఫ్లై అంటారు. వానపాము లేదు, పిండి ముద్ద లేదు. హుక్కుకు బరువు ఉండదు కాబట్టి లైన్ బరువుతోనే దాన్ని విసరాలి. మిగతా గాలాలకీ దీనికీ తేడా అంతా అక్కడే ఉంది.

థియోడర్ గోర్డన్ అనే ఆయన ఇక్కడి నెవర్‌సింక్ ఏటి ఒడ్డున బతికాడు, 1915లో పోయాడు. 1890లో ఇంగ్లండ్‌లో తేలే ఫ్లైల నిపుణుడైన ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్‌కు ఉత్తరం రాస్తే, ఆయన కొన్ని తేలే ఫ్లైలు పంపాడు. అవి ఇంగ్లండ్‌లోని నిదానంగా, అద్దంలా పారే ఏర్లకోసం కట్టినవి. క్యాట్‌స్కిల్ ఏర్లు రాళ్ళ మీద విరుచుకుపడుతూ పారతాయి, వాటి మీద ఆ ఫ్లైలు ఎక్కువసేపు నిలవవు. గోర్డన్ కోడిపుంజు మెడ మీది బిరుసైన ఈకను పల్చగా చుట్టి, నురగలోనూ తేలే ఫ్లై కట్టాడు. క్విల్ గోర్డన్ అని నేటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆయన చేపలు పట్టిన చోటు చాలావరకు ఇప్పుడు నెవర్‌సింక్ రిజర్వాయర్ అడుగున ఉంది. న్యూయార్క్ నగరం కొళాయిల్లోకి వెళ్ళే నీళ్ళలో అవీ కలుస్తాయి.

బల్ల దగ్గరికి వెళ్ళినప్పుడు "క్విల్ గోర్డన్ ఒకటి కట్టి చూపిస్తారా" అని అడగండి. ఇక్కడ ఎవరికైనా ఇష్టమైన కోరిక అది. పక్కకు వచ్చి నిలబడి, చేతుల్ని చూడండి.

ముందుగా చిటికెన వేలి గోరుకంటే చిన్న హుక్కును బల్లకు తగిలించిన చిన్న పట్టుడు పరికరంలో (వైస్) బిగిస్తారు. దానిమీద సన్నని దారం నాలుగు చుట్లు. వుడ్ డక్ అనే బాతు పక్క ఈక నుంచి పసుపు కలిసిన గోధుమరంగు పోగులు తీసి, నిటారుగా నిలబెట్టి, రెండుగా చీల్చి రెక్కలు చేస్తారు. తర్వాత నెమలి ఈక. కన్ను భాగంలోని ఒక పోగును తీసుకుని, దాని మీది మెత్తటి నూగును గోటితో గీకేస్తే ఒకవైపు నల్లగా, ఒకవైపు లేతగా ఉన్న సన్నని కాడ మిగులుతుంది. దాన్ని చుట్టుకుంటూ వస్తే పురుగు ఒంటిమీది చారలు వాటంతటవే వస్తాయి. రంగు వేసే పని లేదు. చివరగా పుంజు మెడ ఈకను రెక్కల వెనకా ముందూ మూడేసి చుట్లు తిప్పితే పోగులన్నీ గుండ్రంగా విచ్చుకుని నిలబడతాయి. నీళ్ళ మీద ఫ్లైని నిలబెట్టేది ఆ పోగులే. దారం ముడి వేశాక హుక్కు కంటికీ (లైన్ కట్టే రంధ్రం) ఫ్లై తలకీ మధ్య కొంచెం ఇనుము ఖాళీగా కనిపిస్తుంది. అది సరిగ్గా కట్టకపోవడం కాదు, క్యాట్‌స్కిల్ పనితనానికి గుర్తే ఆ ఖాళీ. పోటీపడి ఈకలు కూరేసిన ఫ్లైని ఇక్కడివాళ్ళు మెచ్చరు.

ఇప్పుడు ఈక గురించి అడగండి, సంభాషణ దానంతటదే సాగుతుంది. ఇక్కడ అందరూ కోరుకునేది డన్ అనే బూడిదరంగు. అచ్చమైన డన్ ఈక దొరక్క, లివింగ్‌స్టన్ మ్యానర్‌లో ఉండే హ్యారీ డార్బీ అనే ప్రసిద్ధ ఫ్లై కట్టేవాడు ఇంటి దగ్గర పుంజుల్నే పెంచాడు. ఆయన, భార్య ఎల్సీ ఆ పనిమీదే బతికారు. మ్యూజియం మొదలవడంలో ఎల్సీదే పెద్ద చేయి. ఈకల కోసమే ప్రత్యేకంగా కోళ్ళను పెంచే ఫారాలు రాకముందు అమెరికాలో ఫ్లైలు కట్టేవాళ్ళు ఎక్కువగా వాడింది ఇండియా నుంచి వచ్చిన పుంజు మెడలనే. ఇండియన్ నెక్ అంటే ఇక్కడి పాతతరం వాళ్ళందరికీ తెలుసు. గోదావరి జిల్లాల వాళ్ళెవరైనా మీతో ఉంటే వాళ్ళను ముందుకు తోయండి. డేగ, కాకి, సేతు, మైల అని ఈక రంగును బట్టి పుంజుకు పేరు పెట్టే ఊళ్ళనుంచి వచ్చామని చెబితే, బల్ల అవతల పెద్దాయన పని ఆపి వింటాడు. పందేల గురించి అడిగితే ఏం చెప్పాలన్నది మీ ఇష్టం.

ఇంకో మాట. ఈ మోజులో పడి ఇండియా నుంచి వచ్చే అమ్మను నెమలి ఈకలు తెమ్మనకండి. మన దేశం నుంచి వాటి ఎగుమతి నిషేధం. కోడి ఈకలు కూడా ఇక్కడి కస్టమ్స్ దగ్గర తలనొప్పే. రెండూ పండగలోనే ప్యాకెట్లలో అమ్ముతారు.

చాలాచోట్ల పిల్లల్ని కూర్చోబెట్టి వాళ్ళ చేతే ఒక ఫ్లై కట్టిస్తారు. మొదటిది గుడ్లగూబ పీక్కుతిన్నట్టే వస్తుంది, పర్లేదు. ఇంటికి తెచ్చుకునేటప్పుడు మాత్రం హుక్కుకు బెండు ముక్క గుచ్చి తెండి.

గడ్డి మీద లైన్ విసరడం

ఫ్లై స్థానంలో చిన్న ఊలు ముక్క కట్టి గడ్డి మీద నేర్పిస్తారు. హుక్కు ఉండదు, చేప ఉండదు, టెన్షన్ ఉండదు. తొమ్మిదడుగుల, 5 వెయిట్ రాడ్ ఇస్తారు. ఆ నంబరు లైన్ బరువుకు సంబంధించినది, ట్రౌట్‌కు అందరూ మొదలుపెట్టేది దానితోనే.

1. ముప్పై అడుగుల లైన్ బయటికి లాగి ఎదురుగా గడ్డి మీద తిన్నగా పరచండి. రాడ్ కొన కిందికి, నేలకు దగ్గరగా పెట్టండి. లైన్‌లో ఎక్కడా వదులు ఉండకూడదు. వదులుంటే మీరు ఎత్తిన సగం దూరం ఆ వదులు తియ్యడానికే పోతుంది.

2. బొటనవేలు పిడి మీద, ఆకాశంవైపు ఉండేలా పట్టుకోండి. మణికట్టు బిగుతుగా ఉంచి మోచేతి నుంచి కదలండి.

3. మెల్లగా మొదలుపెట్టి, వేగం పెంచుకుంటూ వెనక్కి ఎత్తి, చెయ్యి చెవి పక్కకు రాగానే టక్కున ఆపండి. ఆపడమే అసలు పని. ఆగినప్పుడే రాడ్‌లో వంగిన బలం లైన్‌లోకి వెళ్తుంది.

4. ఇప్పుడు ఊరుకోండి. లైన్ మీ వెనక పూర్తిగా విప్పుకునేదాకా ఆగాలి. మొదట్లో తల తిప్పి చూడండి, తప్పేమీ కాదు. అది సాగకముందే ముందుకు లాగితే చర్నాకోల విసిరినట్టు చెళ్ళుమంటుంది. ఆ చప్పుడు వినపడిందంటే తొందరపడ్డారన్నమాట, నిజం ఫ్లై ఉంటే తెగి ఎటో ఎగిరిపోయేది.

5. ముందుకు తెచ్చి మళ్ళీ కంటి ఎత్తున ఆపండి. లైన్ విప్పుకున్నాక రాడ్ కొన మెల్లగా కిందికి దించండి.

నేర్చుకోవడానికి వచ్చిన మగవాళ్ళు చేసే పని ఒక్కటే, బలం పెట్టడం. పక్కనే వాళ్ళ భార్యలో కూతుళ్ళో తేలిగ్గా విసిరేస్తుంటారు. జోన్ వుల్ఫ్ అనే ఆవిడ 1951లో దూరం విసిరే జాతీయ పోటీలో మగవాళ్ళందరినీ దాటి గెలిచింది. తర్వాత భర్త లీ వుల్ఫ్‌తో కలిసి ఇక్కడికి దగ్గర్లోని లూ బీచ్‌లో ఫ్లై ఫిషింగ్ బడి నడిపింది. అందుకే ఇంట్లో ఆడవాళ్ళను కుర్చీల్లో కూర్చోబెట్టి మీరొక్కరే వరసలో నిలబడకండి. పావుగంట విసిరాక చెయ్యి అలసిపోతుంది, తర్వాత విసిరేవన్నీ చెడతాయి. రాడ్ ఇచ్చేసి మళ్ళీ రండి.

నీళ్ళలోకి దిగాలనుకుంటే

ఏరు కనిపించింది కదా అని ఎక్కడంటే అక్కడ దిగకూడదు. బీవర్‌కిల్ ఎగువ భాగం చాలావరకు ప్రైవేట్ క్లబ్బులదీ, ఆస్తిపరులదీ. దిగువన, విల్లోవీమాక్ వెంట రాష్ట్రం చాలాచోట్ల భూయజమానుల దగ్గర చేపలు పట్టే హక్కు కొనిపెట్టింది. అలాంటి చోట్ల చెట్లకు పసుపు బోర్డులుంటాయి. ఆ హక్కు ఒడ్డున సుమారు 33 అడుగుల పట్టీకే, అదీ చేపలు పట్టడానికే. అక్కడ దుప్పటి పరిచి పులిహోర పొట్లం విప్పడం, పిల్లల్ని ఈతకు దించడం కుదరదు. తినడానికి ఊళ్ళో పార్కు, మ్యూజియం ఆవరణ ఉన్నాయి.

రెండు ఏర్లలోనూ 'నో కిల్' అని గుర్తించిన భాగాలున్నాయి. అక్కడ పట్టిన ప్రతి చేపనూ వదిలేయాలి, కృత్రిమ ఎరలే వాడాలి. "పట్టి వదిలేస్తే మరి పట్టడమెందుకు" అని మీ నాన్నగారు కచ్చితంగా అడుగుతారు. దానికి ఇక్కడి చరిత్రే జవాబు. పందొమ్మిదో శతాబ్దంలో తోళ్ళు శుద్ధిచేసే కర్మాగారాల కోసం హెమ్‌లాక్ చెట్లు నరికి బెరడు ఒలిచారు, నీడపోయి ఏర్లు వేడెక్కాయి, మురికి కలిసింది. ఇక్కడి సొంత చేప బ్రుక్ ట్రౌట్ చాలావరకు పోయింది. 1883లో జర్మనీ నుంచి బ్రౌన్ ట్రౌట్ గుడ్లు తెప్పించి న్యూయార్క్‌లో పొదిగించారు. ఇప్పుడు మీరు చూసే చేపల్లో ఎక్కువ ఆ జాతివే. ఒక్కో చేపనూ ఇంటికి పట్టుకుపోతే రెండో పండగకు చేప మిగలదు.

మీ చేతికి చేప చిక్కితే ముందు చెయ్యి తడపండి. పొడి చేత్తో ముట్టుకుంటే ఒంటిమీది జిగురు పొర ఊడి జబ్బు పడుతుంది. నీళ్ళలోనే ఉంచి, చిన్న పట్టకారుతో హుక్కు తీసి, తల ప్రవాహానికి ఎదురుగా ఉండేలా మెల్లగా పట్టుకుంటే దానంతటదే జారిపోతుంది. హుక్కు మీది చిన్న ముల్లును ముందే నొక్కేసి ఉంచుకుంటే అది సెకన్ల పని. ఫొటో కావాలంటే కెమెరా సిద్ధం చేసుకున్నాకే చేపను ఎత్తండి, ఎత్తినా రెండు మూడు సెకన్లే.

వేసవి పండగకు వెళ్ళేవాళ్ళు థర్మామీటరు తప్పక పెట్టుకోవాలి. నీళ్ళు 68 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ట్రౌట్‌కు ఊపిరి చాలదు, అప్పుడు పట్టి వదిలినా బతకడం కష్టం. బీవర్‌కిల్, విల్లోవీమాక్ మీద ఆనకట్టలు లేవు కాబట్టి ఎండాకాలం మధ్యాహ్నానికి వేడెక్కుతాయి. అలాంటి రోజుల్లో పొద్దున్నే ముగించేయండి, లేదా హాన్‌కాక్ వైపు, డెలావేర్ నది పాయల మీదికి వెళ్ళండి. అక్కడ కానన్స్‌విల్, పెపాక్టన్ రిజర్వాయర్ల అడుగునుంచి వదిలే నీళ్ళు ఎండాకాలంలోనూ చల్లగానే వస్తాయి.

ఏట్లో ముందే ఎవరైనా నిలబడి ఉంటే వాళ్ళదే ఆ చోటు. పలకరించి, "మీరెటు వెళ్తున్నారు" అని అడిగి, వాళ్ళకు అవతలివైపు చాలా దూరంలో దిగండి. వాళ్ళు చూస్తున్న నీళ్ళలోంచి నడవకండి. బ్లూటూత్ స్పీకర్లు కార్లోనే ఉండనివ్వండి, పాట ఎంత బాగున్నా. రాళ్ళు పాచి పట్టి జారతాయి. వేడర్స్ (ఏట్లో నిలబడటానికి వేసుకునే, నీరు చొరని పొడవాటి ప్యాంటు) వేసుకుంటే నడుముకు బెల్టు బిగించుకోవాలి, పడితే లోపలికి నీళ్ళు నిండకుండా. మోకాలు దాటిన నీళ్ళలోకి మొదటి ఏడాది ఎవరూ దిగనక్కర్లేదు.

తిండి

రాస్కో డైనర్ ఈ దారిలో పేరున్న హోటల్, అక్కడి మందపాటి ఫ్రెంచ్ టోస్ట్ కోసం ఆగేవాళ్ళు చాలామంది. గుడ్డు తినని శాకాహారులకు గ్రిల్డ్ చీజ్, ఫ్రెంచ్ ఫ్రైలు తప్ప పెద్దగా దారి లేదు కాబట్టి కూలర్‌లో పెరుగన్నం, పులిహోర తెచ్చుకోవడమే మేలు. మిగిలినవి కార్లో తెరిచి వదలకండి, ఈ కొండల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి.

ఏం కొనాలి

పాత రీళ్ళు (లైన్ చుట్టుకునే చక్రాలు), వాడిన రాడ్లు అమ్మే బల్లలుంటాయి. బేరం ఆడొచ్చు గానీ మన రైతుబజారు ధోరణిలో సగానికి సగం అడిగితే ముఖం మాడుతుంది. వెదురు రాడ్ల దగ్గర జాగ్రత్త. చైనా నుంచి వచ్చే టోంకిన్ వెదురును ఆరు సన్నని బద్దలుగా చీల్చి అతికించి చేసేవి అవి, ధర వందల్లోంచి వేలల్లోకి పోతుంది. అడక్కుండా ముట్టుకోవద్దు, పిల్లల్ని ఆ వరసలోకి వదలొద్దు. మొదటి ఏడాదికి మీకు కావాల్సింది మామూలు గ్రాఫైట్ రాడ్, రీలు, లైన్ కలిపి ఇచ్చే సెట్ ఒకటి. దానికి తోడు మీ కళ్ళముందే కట్టిన నాలుగు ఫ్లైలు కొనండి. రెండు మూడు డాలర్లు పెట్టి కొనే ఆ ఈక ముక్కతోనే ఆ పెద్దాయనకు మళ్ళీ వచ్చే ఏడు బల్ల వేసే ఉత్సాహం వస్తుంది. ఏ నెలలో ఏ ఫ్లై పనిచేస్తుందో డబ్బా మూత మీద రాయించుకోండి. ఏప్రిల్ ఆఖరికి హెండ్రిక్‌సన్, జూన్ మొదట్లో గ్రీన్ డ్రేక్ అంటూ వాళ్ళే చెబుతారు.

కొన్న రాడ్లలో చాలా వాటి చావు కారు తలుపులోనే. ముందు విప్పి, గొట్టంలో పెట్టి, డిక్కీ మూసే ముందు కొన ఎక్కడుందో చూసుకోండి.

ఇంటికొచ్చాక

బట్టలు నేరుగా డ్రయ్యర్‌లో బాగా వేడిమీద వేసేయండి, పిడుదులు చస్తాయి. స్నానం చేసేటప్పుడు మోకాలి వెనక, చంకల్లో, చెవుల వెనక, పిల్లలకైతే జుట్టు కుదుళ్ళలో వెతకండి. పురుగు అంటుకుని ఉంటే సన్నని ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టి తిన్నగా లాగాలి. నూనె రాయడం, కాల్చడం వద్దు. తర్వాతి వారాల్లో జ్వరం వచ్చినా, కుట్టినచోట ఎర్రటి వలయం పెరుగుతున్నా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

నీళ్ళలో దిగి ఉంటే బూట్లు, వేడర్స్ కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఒక ఏటి పాచి, కంటికి కనిపించని జీవులు తడి బూట్లతోనే ఇంకో ఏటికి చేరతాయి. ఆరాక లోపల పెట్టండి. ఇంటి వెనక పెరట్లో ఊలు ముక్క కట్టుకుని విసురుతూ ఉండండి. న్యూజెర్సీలోనే హై బ్రిడ్జ్ దగ్గర కెన్ లాక్‌వుడ్ గార్జ్‌లో ట్రౌట్ ఏరు ఉంది. అక్కడికి వెళ్ళాలంటే న్యూజెర్సీ లైసెన్స్‌తోపాటు ట్రౌట్ స్టాంప్ కూడా విడిగా కొనాలి.